మెదడుకి నిప్పంటుకుందా?

తెల్ల కాగితం మీద గడియారం బొమ్మ. చేత్తో గీసిన వలయం, అందులో 1 నుంచి 12 దాకా అంకెలు. అన్నీ కుడి సగంలోనే ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఎడమ సగం ఖాళీ. గీసిన మనిషికి అది ఖాళీగా ఉందని తెలీదు. సుసానా కాహలన్ రాసిన 'బ్రెయిన్ ఆన్ ఫైర్' (2012) చదివినవాళ్ళు మిగతా పుస్తకమంతా మర్చిపోయినా ఈ గడియారాన్ని మర్చిపోరు. అప్పటిదాకా ఏ స్కానింగూ చెప్పలేని సంగతిని ఒక కాగితం, ఒక పెన్ను చెప్పేశాయి. ఈ అమ్మాయి మెదడులో, ముఖ్యంగా కుడివైపు, ఏదో తేడాగా ఉంది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2009లో కాహలన్‌కి 24 ఏళ్ళు. 'న్యూయార్క్ పోస్ట్' పత్రికలో రిపోర్టర్. మొదట ఇంట్లో నల్లులున్నాయని అనుమానం పట్టుకుంది. తర్వాత ఎడమ చేతిలో తిమ్మిరి. బాయ్‌ఫ్రెండ్ ఈమెయిల్స్ వెతకడం, ఆఫీసులో ఏడవడం, అంతలోనే తేలిపోతున్నట్టు సంతోషపడిపోవడం. ఆ తర్వాత మూర్ఛ. పేరున్న న్యూరాలజిస్ట్ ఒకాయన (పుస్తకంలో మారుపేరుతో వస్తాడు) తాగుడు ఎక్కువైంది, పని ఒత్తిడి అని తేల్చేశాడు. టీవీలో తన గురించే చెప్తున్నారని, చుట్టూ ఉన్నవాళ్ళు వేషాలు వేస్తున్నారని నమ్మే స్థితికి వచ్చింది. ఆస్పత్రిలో సుమారు నెల రోజులు. మాట మందగించింది, కదలికలు బిగుసుకుపోయాయి. పరీక్షలన్నీ మామూలుగానే వస్తున్నాయి. చివరికి వెన్నులోంచి తీసిన నీటిలో తెల్లకణాలు ఎక్కువ కనబడ్డాయి. అప్పుడొచ్చిన డాక్టర్ సుహేల్ నజ్జార్ ఆమె చేత ఆ గడియారం గీయించాడు. మెదడులోంచి చిన్న ముక్క తీసి చూస్తే వాపు కనబడింది. శాంపిల్స్ పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఉన్న జోసెప్ దాల్మావ్‌కి వెళ్ళాయి. రోగనిర్ధారణ: యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. రెండేళ్ళ ముందే, 2007లో, దాల్మావ్ బృందం పేరుపెట్టి వర్ణించిన జబ్బు. తను ఆ జబ్బు నిర్ధారణైన 217వ మనిషినని కాహలన్ రాస్తుంది. వైద్యం జరిగింది. ఆ ఏడాదిలోనే మళ్ళీ ఉద్యోగంలో చేరింది.

ఇంత కథ ఉంటే ఎవరు రాసినా చదివిస్తుంది. కానీ ఈ పుస్తకం నిలబడింది కథ వల్ల మాత్రమే కాదని నా నమ్మకం. ఆత్మకథకి ఉండే మొదటి అధికారం 'నేనక్కడ ఉన్నాను' అనే మాట. కాహలన్‌కి ఆ అధికారం లేదు. ఆ నెల రోజుల్లో చాలా భాగం ఆమెకి గుర్తులేదు. గుర్తున్నవాటిలో కొన్ని అసలు జరగనే లేదు. మరి పుస్తకం ఎలా రాసింది? రిపోర్టర్ కాబట్టి రిపోర్టింగ్ చేసింది. ఆస్పత్రి రికార్డులు తెప్పించుకుంది. మూర్ఛల వార్డులో రోగుల మీద పెట్టే కెమెరా తీసిన వీడియోలు చూసింది. విడాకులు తీసుకున్న అమ్మానాన్నలు ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడానికి వాడిన నోట్‌బుక్ చదివింది. నాన్న విడిగా రాసుకున్న డైరీ చదివింది. డాక్టర్లని, నర్సులని, స్నేహితులని ఇంటర్వ్యూ చేసింది. తన మీద తనే ఇన్వెస్టిగేషన్. వీడియోలో కనబడే ఆ బక్కపలచని అమ్మాయిని ఆమె 'నేను' అనలేకపోతుంది, 'ఆమె' అనీ అనలేకపోతుంది. ఈ ఇబ్బందిని దాచకుండా పేజీ మీద పెట్టడం పుస్తకంలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న పని.

(2016లో గెరార్డ్ బారెట్ తీసిన సినిమాలో పోయింది సరిగ్గా ఇదే. క్లోయీ గ్రేస్ మోరెట్జ్ బాగానే చేసింది. కానీ కెమెరా అన్నీ తిన్నగా చూపించేస్తుంది. ఎవరికీ గుర్తులేని కథని చూస్తున్నామన్న సంగతి మనకి తట్టదు. మిగిలేది ఒక జబ్బు, ఒక మంచి డాక్టరు.)

*

ఈ రూపానికీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం చూడాలంటే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అంటే ఏమిటో కొంచెం తెలియాలి. భయపడకండి, బ్యాంక్ లాకర్ తెలిస్తే చాలు.

లాకర్ తెరవాలంటే మీ దగ్గరున్న తాళంచెవి ఒక్కటే చాలదు. బ్యాంకు ఉద్యోగి తన తాళంచెవి కూడా తెచ్చి తిప్పాలి. ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అలాంటి తలుపే. రెండు నాడీకణాలు కలిసే చోట, అంటే సినాప్స్ దగ్గర, సంకేతం అందుకునే కణం మీద ఉంటుంది. అవతలి కణం గ్లుటమేట్ అనే రసాయనం వదిలితే అది మొదటి తాళంచెవి. కానీ తలుపు రంధ్రంలో మెగ్నీషియం అయాన్ ఒకటి బిరడాలా కూర్చుని ఉంటుంది. ఇవతలి కణం అప్పటికే ఉత్తేజంతో ఉంటేనే ఆ బిరడా ఊడుతుంది. అది రెండో తాళంచెవి. రెండూ ఒకే సమయంలో పడితేనే కాల్షియం లోపలికి వెళ్తుంది, ఆ సినాప్స్ బలపడుతుంది. (గ్లైసిన్ లాంటి మరో చిన్న సాయం కూడా కావాలి, ఇక్కడికి వదిలేద్దాం.)

మరోలా చెప్పాలంటే, 'ఇదీ అదీ కలిసి జరిగాయి' అని గుర్తించే పరికరం ఇది. కొత్తది నేర్చుకోవడానికి, జ్ఞాపకం ఏర్పడడానికి ఇది పునాది. 1986లో రిచర్డ్ మోరిస్ బృందం ఎలుకల్లో ఈ రిసెప్టర్లని మందుతో అడ్డుకుంది. నీళ్ళ తొట్టిలో దాగున్న గట్టు ఎక్కడుందో ఆ ఎలుకలు సరిగా నేర్చుకోలేకపోయాయి. ఈత వచ్చు. గట్టు ఎటుందన్నదే మనసుకెక్కదు.

కాహలన్‌లో యాంటీబాడీలు పట్టుకున్నది ఈ రిసెప్టర్‌నే. అంటే ఆ నెలని ఆమె 'మర్చిపోయింది' అనడం కూడా సరికాదేమో. చాలా భాగం ఎక్కనే లేదు. రాసుకోవాల్సిన కలాన్నే జబ్బు లాగేసుకుంది. అందుకే ఈ పుస్తకాన్ని వేరేవాళ్ళ కాగితాల్లోంచి, కెమెరాల్లోంచి కట్టుకోవాల్సొచ్చింది. రూపమూ విషయమూ ఇంతగా కలిసిపోయిన జ్ఞాపకాల పుస్తకం నేను ఇంకోటి చదవలేదు.

*

ఇక నా పేచీ దగ్గరికి వస్తాను. అది పుస్తకం పేరుతో.

'మెదడు తగలబడుతోంది' అన్నది డాక్టర్ నజ్జార్ ఆమె తల్లిదండ్రులతో అన్న మాట. ఆ సందర్భంలో అది చాలా మంచి మాట. వారాల తరబడి ఏమీ అర్థంకాకుండా నిలబడ్డ అమ్మానాన్నలకి రిసెప్టర్ల గురించి పాఠం చెప్తే ఏం లాభం? వాళ్ళకి ఒక చిత్రం కావాలి, ఆయన ఇచ్చాడు. బయాప్సీలో వాపు కనబడిందన్నదీ నిజమే. ఇంగ్లిష్‌లో వాపుకి వాడే మాటలోనే నిప్పు ఉంది. తెలుగులో మనకి రెండు మాటలున్నాయి. 'మంట' అంటే నిప్పు గుర్తొస్తుంది. 'వాపు' అంటే రాదు. ఈ జాతి జబ్బులకి మన ఆరోగ్యశాఖ గోడల మీద రాసే పేరు మెదడువాపు. అందులో పొగా లేదు, జ్వాలా లేదు.

నిప్పంటుకుంటే ఏం మిగులుతుంది? బూడిద. ఈ జబ్బులో జరిగేది అది కాదు. యాంటీబాడీ ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటుంది, రెండు చేతులు. ఒక్కో చేత్తో ఒక్కో రిసెప్టర్‌ని పట్టుకుని రెంటినీ ముడేస్తుంది. అలా ముడిపడిన రిసెప్టర్లని నాడీకణం తన పొర మీంచి లోపలికి లాగేసుకుంటుంది. దాల్మావ్ సహచరులు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదంతా కనబడింది. నాడీకణం చావలేదు. సినాప్స్‌లు తగ్గలేదు. తలుపులు మాత్రం గోడ మీంచి లోపలికి పోయాయి. యాంటీబాడీలు తొలగించాక మళ్ళీ పైకొచ్చాయి.

కాహలన్ తిరిగొచ్చిందంటే కారణం ఇదే. స్టెరాయిడ్లు, రక్తంలోకి ఎక్కించిన ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి ఇవన్నీ యాంటీబాడీల్ని, వాటిని తయారుచేసే కణాల్ని, వాటి ప్రభావాన్ని తగ్గించే పనులు. అవి తగ్గితే తలుపులు తిరిగొస్తాయి. నిజంగా తగలబడి ఉంటే ఈ పుస్తకమే ఉండేది కాదు. ఈ సైన్సు కాహలన్‌కి తెలియదని కాదు, కొన్ని పేజీల్లో చక్కగానే వివరించింది. అయినా అట్ట మీద నిప్పే మిగిలింది, పాఠకుల తలలో కూడా.

నిప్పుకి తోడు ఇంకో పోలిక ఉంది, యుద్ధం. సొంత సైన్యం ఎదురుతిరిగింది, ద్రోహం చేసింది, దాడి చేసింది. రోగనిరోధక వ్యవస్థ గురించి తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా ఈ సైన్యం లేకుండా రెండు పేరాలు నడవవు. కానీ ఆ కణాలు పనిచేసే తీరు సైన్యంలా ఉండదు. మళ్ళీ లాకర్ దగ్గరికే రావాలి. టీ కణం తన రిసెప్టర్‌తో ఒక ప్రొటీన్ ముక్కని గుర్తుపట్టడం మొదటి తాళంచెవి. ఆ ముక్కని చూపిస్తున్న కణం 'ఇక్కడ ఏదో ప్రమాదం ఉంది' అని రెండో సంకేతం ఇవ్వాలి. మొదటిదే ఉండి రెండోది లేకపోతే టీ కణం కదలదు. చాలాసార్లు ఆ ముక్కకి ఆ తర్వాత కూడా స్పందించని స్థితిలోకి వెళ్ళిపోతుంది. బీ కణం యాంటీబాడీలు పెద్దఎత్తున తయారుచెయ్యాలన్నా మామూలుగా టీ కణం ఒప్పుకోవాలి.

మెదడు కణమూ రక్షణ కణమూ ఒకే రకం జాగ్రత్త పాటిస్తున్నాయి. ఒక్క సాక్ష్యం చాలదు, రెండోది చూపించు అంటున్నాయి. నన్ను ఈ విషయం పట్టుకుని వదల్లేదు. జబ్బు ఎలా మొదలవుతుందో చూస్తే ఇంకా. 2007 నాటి పేపర్‌లో దాల్మావ్ బృందం వర్ణించిన 12 మందీ స్త్రీలే, వాళ్ళందరికీ టెరటోమా అనే కణితి ఉంది. ఎక్కువమందిలో అండాశయంలోనే. టెరటోమాలో వెంట్రుకలు పెరగొచ్చు, పళ్ళు పెరగొచ్చు, నాడీకణజాలం కూడా పెరగొచ్చు. మెదడులో ఉండాల్సిన రిసెప్టర్లు పొత్తికడుపులో, ఉండకూడని చోట కనబడ్డాయి. అక్కడ రెండో తాళంచెవి కూడా దొరికితే రక్షణ కణాలు నిబంధన ప్రకారమే నడుచుకున్నట్టు. ఇంకొందరిలో హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు తగ్గాక ఇది మొదలవుతుంది. కాహలన్‌లో కణితి కనబడలేదు, కారణం తేలలేదు. ద్రోహి ఎవరూ లేని కథ ఇది. ప్రతి కణమూ తనకి అందిన సంకేతాన్ని బట్టి తన పని చేసింది. మొత్తంగా చూస్తే మాత్రం ఒక అమ్మాయి గడియారంలో సగం మాయమైంది.

సూసన్ సాంటాగ్ 1978లో జబ్బు మీద ఉపమానాలు రుద్దొద్దని వాదించింది. నేనంత దూరం వెళ్ళలేను. ఇప్పుడే లాకర్ వాడాను, బిరడా వాడాను, తలుపులు వాడాను. పోలిక లేకుండా రిసెప్టర్ గురించి మాట్లాడడం నాకు చేతకాదు. నేనడిగేది ఒక్కటే. పోలిక మన కళ్ళని ఎటు తిప్పుతోంది? ఎటు చూడకుండా చేస్తోంది?

*

నిప్పు పోలికకి ఫైరింజన్ కావాలి. అందుకే పుస్తకం రెండో సగంలో డాక్టర్ నజ్జార్ కథానాయకుడవుతాడు. ఆయన గొప్పవాడే, అందులో నాకు సందేహం లేదు. కానీ నిప్పు పోలిక చేసే అసలు పని వేరే ఉంది. అది మనుషుల్ని రెండుగా విడదీస్తుంది. మంట కనబడిన వాళ్ళు నిజమైన రోగులు. కనబడనివాళ్ళు పిచ్చివాళ్ళు.

ఈ పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళు ఎంత ఊరటతో 'చివరికి చూస్తే పిచ్చి కాదు' అంటారో గమనించండి. నేను విన్నవాళ్ళలో దాదాపు అందరూ అదే మాటన్నారు. ఆ ఊరట కాహలన్ కుటుంబానికి ఉండడం న్యాయం. మందు ఉన్న జబ్బని తెలిసింది మరి. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే మానసిక వార్డుకి పంపే ఆలోచన కూడా రికార్డుల్లో ఉంది. కానీ పాఠకులుగా మనకెందుకు అంత ఊరట?

మా బంధువుల్లో ఒకావిడ ఇరవై ఏళ్ళుగా మాత్రలు వేసుకుంటోంది. ఆవిడ గురించి పెళ్ళిళ్ళలో గొంతు తగ్గించి మాట్లాడతారు. పిల్లల సంబంధాలు చూసేటప్పుడు అసలు మాట్లాడరు. అదే వీధిలో ఇంకొకరికి మెదడువాపు వచ్చి ఆస్పత్రిలో పడుకుంటే యాపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసాలు పట్టుకుని వీధంతా వెళ్ళింది. ఇద్దరికీ మెదడే కదా. ఒకరి మెదడుకి పరామర్శ, ఇంకొకరి మెదడుకి గుసగుస. 'పిచ్చి కాదు, జబ్బు' అనే వాక్యం ఎవరిని గట్టెక్కిస్తుందో, ఎవరిని అక్కడే వదిలేస్తుందో ఆ వీధిలో కనబడుతుంది.

పైగా సైన్సు కూడా ఆ గీతని అంత తేలిగ్గా గీయనివ్వడం లేదు. కెటమీన్, పీసీపీ అనే మందులు ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ని అడ్డుకుంటాయి. అవి తీసుకున్న ఆరోగ్యవంతుల్లో కూడా స్కిజోఫ్రేనియాని పోలిన లక్షణాలు కనబడతాయి. ఆ జబ్బులో కూడా ఈ తలుపే సరిగా పనిచెయ్యడం లేదేమో అన్న అనుమానం కాహలన్ జబ్బుకి పేరు పెట్టకముందు నుంచే ఉంది. 2016లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన సీ4 అనే రోగనిరోధక ప్రొటీన్ జన్యువులో ఉండే తేడాలకీ స్కిజోఫ్రేనియా వచ్చే అవకాశానికీ ముడి ఉందని చూపించింది. ఎదిగే మెదడులో అక్కర్లేని సినాప్స్‌లకి గుర్తుపెట్టే పనిలో ఈ కుటుంబం ప్రొటీన్లు పాల్గొంటాయి. గుర్తుపడ్డవాటిని మైక్రోగ్లియా అనే మెదడు తాలూకు రక్షణ కణాలు మింగేస్తాయి. ఇది అవకాశాల లెక్క, స్కిజోఫ్రేనియాకి కారణం దొరికిందని అర్థం కాదు. అయినా ఒక సంగతి స్పష్టం. 'రోగనిరోధక జబ్బు' ఒక గదిలో, 'పిచ్చి' ఇంకో గదిలో అని మనం కట్టిన గోడ కణాలకి తెలీదు.

*

కాహలన్‌ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. మొదటి పుస్తకంలోనే ఆమె అడిగింది, నాలాంటివాళ్ళు ఎంతమంది మానసిక ఆస్పత్రుల్లో ఉండిపోయారు అని. తన వైద్యానికి పది లక్షల డాలర్లైందనీ రాసింది. ఇన్సూరెన్సు, పట్టువదలని అమ్మానాన్నలు, పక్కనే పెద్ద ఆస్పత్రి లేకపోతే గడియారం గీయమని అడిగేవాళ్ళే ఉండేవాళ్ళు కాదని ఆమెకి తెలుసు. తాగుడు అని తేల్చిన ఆ డాక్టరుకి తర్వాత ఫోన్ చేస్తే, ఆయన అప్పటికీ ఈ జబ్బు పేరే వినలేదు. ఆ పేజీ చదివినప్పుడు నాకు కోపం కంటే భయం ఎక్కువేసింది.

అయినా మొదటి పుస్తకం ఆ ప్రశ్నని పక్కనపెట్టి సుఖాంతం వైపు నడిచింది. ఆ ప్రశ్నే ఆమెని రెండో పుస్తకానికి తీసుకెళ్ళింది, 'ది గ్రేట్ ప్రిటెండర్' (2019). తనలాంటి జబ్బే ఉన్న ఒక యువతి రెండేళ్ళపాటు స్కిజోఫ్రేనియా పేరుతో ఉండిపోయిందనీ, పూర్తిగా కోలుకోలేదనీ తెలుసుకుని కలవరపడుతుంది. అక్కడి నుంచి 1973 నాటి డేవిడ్ రోజెన్‌హాన్ ప్రయోగం దాకా వెళ్తుంది. ఎనిమిదిమంది మామూలు మనుషులు గొంతులు వినిపిస్తున్నాయని అబద్ధం చెప్పి మానసిక ఆస్పత్రుల్లో చేరారని, ఎవరూ వాళ్ళని పట్టుకోలేకపోయారని ఆయన రాశాడు. కాహలన్ ఆ ఎనిమిదిమందినీ వెతుకుతుంది. రోజెన్‌హాన్ కాకుండా, లెక్కలో ఉన్నవాళ్ళలో ఒక్కడే దొరుకుతాడు. ఆస్పత్రి తనకి మంచే చేసిందన్న ఇంకొకడిని లెక్కలోంచి తీసేశారని తెలుస్తుంది. మిగతావాళ్ళు అసలు ఉన్నారా అన్న అనుమానం మిగులుతుంది. డాక్టర్లకి పిచ్చేదో తెలివేదో తెలీదన్న కథ ఆమెకి స్వయంగా పనికొచ్చే కథ. ఆమె కావాలనుకుంటే దాన్ని అలాగే వాడుకోవచ్చు. వాడుకోలేదు, తవ్వింది. మొదటి పుస్తకంలో తన జ్ఞాపకాన్ని ఎంత అనుమానించిందో ఇక్కడ తనకి నచ్చిన కథని అంత అనుమానించింది.

అందుకే రెండూ వరసగా చదవమంటాను. మొదటిది మాత్రమే చదివితే నిప్పు, ఫైరింజన్, ఊరట మిగులుతాయి. రెండోది కలిపితే ఆ ఊరట అంత తేలిగ్గా దొరకదు. దొరక్కపోవడమే మంచిది. ఈసారి ఎవరైనా మీతో 'చివరికి చూస్తే పిచ్చి కాదట' అంటే మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి. పిచ్చే అయితే మాత్రం ఏం?